చిత్త కార్తెలో నీటి లెక్క: బోర్ల కింద రబీ సాగుపై ఒక కేస్ స్టడీ

రాయలసీమలోనూ, పాలమూరు, నల్లగొండ మెట్టల్లోనూ బోరు కింద వేసిన రబీ పంట ఎండేది ఫిబ్రవరి, మార్చిల్లో. పొరపాటు జరిగేది మాత్రం అక్టోబరులో. హస్త దాటి చిత్త వచ్చేసరికి వాగు పారుతూ ఉంటుంది, కుంటలో నీళ్లుంటాయి, బోరు నిండుగా పోస్తుంది. ఆ ధార చూసి నాట్లు వేస్తారు. కింద నిల్వ ఎంత ఉందో ఆ ధార చెప్పదు.

ఆ నిల్వను ఊళ్లో రైతులే కొలిచి, నాటే ముందే పంటను నీళ్లకు తగ్గట్టు కుదించుకోగలరా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. ఆంధ్రప్రదేశ్ ఫార్మర్ మేనేజ్డ్ గ్రౌండ్‌వాటర్ సిస్టమ్స్ అనే ఆ ప్రాజెక్టు 2003లో మొదలై ఆ దశాబ్దం చివరిదాకా నడిచింది. నిధులు నెదర్లాండ్స్‌వి, సాంకేతిక అండ ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థది. క్షేత్రంలో నడిపించినవి స్వచ్ఛంద సంస్థలు, వాటికి ముందు నిలిచింది నంద్యాలకు చెందిన బర్డ్స్. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో 60కి పైగా వాగు పరీవాహకాలు, దాదాపు 650 ఊళ్లు ఇందులోకి వచ్చాయి. 2010 తర్వాత ఇదే పునాది మీద, వాతావరణ మార్పుకు సర్దుకునే పద్ధతుల ప్రయోగం ఒకటి గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ నిధులతో నడిచింది.

ప్రాజెక్టు ఎవరికీ పంట మానేయమని డబ్బివ్వలేదు. జరిమానా వేయలేదు, మోటార్లకు మీటర్లు పెట్టలేదు. ఇచ్చింది కొలత పనిముట్లు, లెక్క నేర్పే బడి, అంతే. ఈ కేసును ఇప్పుడు మళ్లీ తిరగేయడానికి కారణం కూడా అదే.

వాన మారితే లెక్కలో మారేదేమిటి

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. కురిసేటప్పుడు ఆ తేమ ఒక్కసారిగా దిగుతుంది. 1950 నుంచి 2015 దాకా మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు మూడింతలయ్యాయని 2017లో వెలువడిన పరిశోధన చూపింది. మొత్తం వాన తగ్గకపోయినా, అది పడే తీరు మారితే బోరుకు అందేది మారిపోతుంది.

దక్కన్ గ్రానైటు నేలల్లో ఇది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లున్న రాయి. నీళ్లు నిలిచేది ఆ మొరంలోనూ పగుళ్లలోనూ. ఇక్కడ భూమి నీళ్లను తాగే వేగానికి ఒక హద్దుంది. 20 మిల్లీమీటర్ల చొప్పున ఐదు రోజులు పడిన వాన, ఒకే రాత్రి పడిన 100 మిల్లీమీటర్లు వర్షపాత పట్టికలో ఒకటే. మొరానికి మాత్రం ఒకటి కాదు. రెండోదానిలో ఎక్కువ భాగం వాగు దాటి వెళ్లిపోతుంది.

అందుకే "ఈ ఏడు వాన సగటుకు తగ్గలేదు" అన్న మాట మీద నాటు వేయడం రానురాను ప్రమాదమవుతోంది. వాన అంకె ఒక్కటే చాలదు. వానకు భూమి ఎలా స్పందించిందో కొలవాలి.

మూడు కొలతలు

మొదటిది వాన. వానకొలత గరాటు అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున, సమతలంగా ఉండాలి. దగ్గరలో చెట్టో గోడో ఉంటే దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో నాటాలి. రీడింగ్ రోజూ ఉదయం 8:30కే. 2.5 మిల్లీమీటర్లు గానీ అంతకు మించి గానీ పడితేనే వాన రోజుగా లెక్క. ఎక్కువగా జరిగే తప్పు కొలత గ్లాసు దగ్గర. గరాటులు 100 చదరపు సెంటీమీటర్లవి, 200 చదరపు సెంటీమీటర్లవి రెండు రకాలున్నాయి, దేని గ్లాసు దానికే. పగిలిన గ్లాసు స్థానంలో రెండో రకం గ్లాసు తెస్తే ఆ రోజు నుంచి వాన సగమో రెట్టింపో అయిపోతుంది, ఏడాది చివరిదాకా ఎవరికీ అనుమానం రాదు.

రెండోది నీటి మట్టం. పరిశీలనకు ఎంచుకున్న బోర్లలో 15 రోజులకోసారి కొలుస్తారు. బ్యాటరీ, బజరు ఉన్న టేపును బోరులోకి దించితే కొన నీళ్లను తాకగానే మోగుతుంది. అది దొరకని ఊళ్లో రెండు పోగుల సన్నని వైరుకు చివర బరువు కట్టి, రెండు కొనలనూ ఒకదానికొకటి తగలకుండా ఒలిచి, పైన మల్టీమీటరును నిరోధం కొలిచే స్థానంలో పెట్టినా పని జరుగుతుంది. నీళ్లు తగలగానే అంకె ఒక్కసారిగా పడిపోతుంది. వైరు మీద మీటరుకొక గుర్తు వేసుకోవాలి. దించే ముందు మోటారు ఆపి స్టార్టరు ఫ్యూజు పీకేయడం తప్పనిసరి.

చూడటానికి ఇంత సులువు. పని చెడేది వివరాల్లో. కేసింగ్ నేల మీదికి ఎంత లేచి ఉందో తీసేయకపోతే ఒక్కో బోరులో ఒక్కో తేడా వస్తుంది, అందుకే కేసింగ్ అంచున ఒకచోట రంగు గుర్తు వేసి ఎప్పుడూ అక్కడి నుంచే కొలవాలి. టేపు మోటారు కేబులుకు చుట్టుకుంటే కొలత పోతుంది, కొన్నిసార్లు టేపూ పోతుంది. కేసింగ్‌లోకి ముప్పావు అంగుళం పైపు విడిగా దించి ఉంచితే ఆ బాధ తప్పుతుంది. పై పగులు నుంచి ఊట బోరు గోడ మీదుగా జారుతుంటే అసలు మట్టం రాకముందే బజరు మోగుతుంది. అలాంటప్పుడు టేపును ఇంకా దించి, మోత ఆగకుండా వచ్చే చోటు చూసుకోవాలి. అన్నింటికంటే ఇబ్బంది పెట్టేది ఆటో స్టార్టరు. కరెంటు రాగానే మోటారు తనంతట తనే తిరుగుతుంది, బోరుకు విశ్రాంతి ఉండదు. తోడుతున్న బోరులో కొలిచిన మట్టం ఆ బోరు సంగతే చెబుతుంది, భూమి సంగతి కాదు. వాడకంలో లేని బోరును పరిశీలనకు ఎంచుకోవడం మేలు.

మూడోది తోడే నీళ్లు. బోరు వేసిన నాడు "రెండించుల నీళ్లు పడ్డాయి" అని చెప్పుకున్న మాటను లెక్కలోకి తేకూడదు. అది ఆ రోజు బండివాళ్లు చూసిన ధార. 200 లీటర్ల డ్రమ్ము, ఫోనులో స్టాప్‌వాచ్ చాలు. మోటారు అరగంట తిరిగాక మూడుసార్లు నింపి సగటు తీయాలి, మొదటి నిమిషాల్లో ధార ఎప్పుడూ ఎక్కువే. డ్రమ్ము 100 సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు, అంటే గంటకు 7.2 ఘనపు మీటర్లు. అదే బోరు మార్చిలో ఇంకా తక్కువ పోస్తుంది కనుక సీజనులో కనీసం రెండుసార్లు కొలవాలి.

బడ్జెట్ వేసే రోజు

ఈ అంకెలన్నీ అక్టోబరులో ఒక రోజు ఒకచోటికి చేరతాయి. కూర్చునేది ఒక్క ఊరు కాదు, ఒకే వాగులోకి నీళ్లు జారే ఊళ్లన్నీ. పంచాయతీ హద్దు భూగర్భ జలానికి తెలియదు. లెక్క తీరు చూపడానికి ఒక నమూనా వేద్దాం. ఈ అంకెలు ఏ ఒక్క వాగువీ కావు.

పరీవాహకం 2,000 హెక్టార్లు. జూన్ నుంచి అక్టోబరు దాకా వాన 600 మిల్లీమీటర్లు. బంకమట్టి తక్కువున్న గ్రానైటు మొరంలో వానలో సుమారు 11 శాతం, బంక ఎక్కువుంటే 8 శాతం భూమిలోకి ఇంకుతుందని కేంద్రం 1997లో ఖరారు చేసిన అంచనా పద్ధతి చెబుతుంది. మధ్యస్థంగా 10 శాతం అనుకుంటే 60 మిల్లీమీటర్లు, అంటే 12 లక్షల ఘనపు మీటర్లు. ఖరీఫ్‌లో 150 బోర్లు రోజుకు 5 గంటల చొప్పున, సెకనుకు 2 లీటర్లు, 100 రోజులు తోడితే ఒక్కో బోరు 3,600 ఘనపు మీటర్లు, మొత్తం 5.4 లక్షలు పోయాయి. మిగిలింది 6.6 లక్షలు. తాగునీటికీ పశువులకూ, వేసవి చివర అట్టడుగున ఉండాల్సిన నిల్వకూ లక్ష తీసి పక్కన పెడితే రబీకి 5.6 లక్షల ఘనపు మీటర్లు.

ఇక కోరిక. ఎవరెవరు ఏం వేయబోతున్నారో ఇంటింటా రాసుకొచ్చిన పట్టిక ప్రకారం వరి 80 ఎకరాలు, వేరుశనగ 150 ఎకరాలు. ఎకరాకు ఒక మిల్లీమీటరు నీళ్లంటే 4.05 ఘనపు మీటర్లు. రబీ వరికి 1,200 మిల్లీమీటర్లు, వేరుశనగకు 500 పట్టుకుంటే వరికి 3.89 లక్షలు, వేరుశనగకు 3.04 లక్షలు, కలిపి 6.93 లక్షలు. లోటు 1.33 లక్షలు. వరిలో 50 ఎకరాలు 350 మిల్లీమీటర్లతో సరిపెట్టుకునే రాగికి మారితే మొత్తం 5.2 లక్షలకు దిగుతుంది. లోటు పోయి కాస్త మిగులు కూడా తేలుతుంది.

ఇక్కడే సమావేశంలో ఒక ప్రశ్న తప్పకుండా లేస్తుంది. మడిలో పెట్టిన నీళ్లు మళ్లీ భూమిలోకే దిగుతాయి కదా, అదంతా ఖర్చు కింద ఎలా రాస్తారు అని. ప్రశ్న సరైనదే, దాటవేయకూడదు. అదే అంచనా పద్ధతి ప్రకారం నీటి మట్టం 10 మీటర్ల లోపు ఉంటే వరి మడికి తోడిపోసిన బోరు నీళ్లలో 45 శాతం తిరిగి దిగుతాయి. 25 మీటర్లు దాటితే 20 శాతమే. ఆరుతడి పంటలకు ఆ లోతున 5 శాతం. అంటే మట్టం పైన ఉన్న రోజుల్లో ఆ వాదనకు బలముంది. పడిపోయాక లేదు. పైగా తిరిగి దిగే నీళ్లు ఈ రబీలోనే అందుతాయన్న హామీ లేదు. వాటిని లెక్కలో కలిపినా కలపకపోయినా ఏదో ఒకటి ముందే ఒప్పుకుని, ఏటా అదే పాటించాలి. లోటు వచ్చిన ఏడు కలిపి, మిగులు వచ్చిన ఏడు వదిలేస్తే లెక్క మీద నమ్మకం పోతుంది.

10 శాతం అన్న అంకెను నమ్మొచ్చా

నమ్మి వదిలేయకూడదు. వాతావరణ మార్పు ఈ పద్ధతిని దెబ్బకొట్టేది సరిగ్గా ఇక్కడే. వానలో భూమిలోకి ఇంకే శాతం ఒక స్థిరాంకం అన్నది వాన తీరు పెద్దగా మారని రోజుల ఊహ. 600 మిల్లీమీటర్లలో 350 నాలుగు రోజుల్లో పడితే అది 10 ఉండదు, ఎంత ఉంటుందో పట్టికలు చెప్పలేవు.

నీటి మట్టాల కొలత అక్కరకొచ్చేది ఇందుకే. మే చివర నుంచి అక్టోబరు చివరికి మట్టం సగటున ఎంత లేచిందో చూసి, దాన్ని విస్తీర్ణంతోనూ, మొరం పట్టే నీటి శాతంతోనూ గుణించాలి. ఈ రకం నేలల్లో ఆ శాతం ఒకటిన్నర నుంచి మూడు మధ్య ఉంటుంది. మన నమూనాలో 2 శాతం అనుకుంటే, మిగిలిన 6.6 లక్షల ఘనపు మీటర్లకు మట్టం 1.65 మీటర్లు లేచి ఉండాలి. బోర్లలో కొలిస్తే సగటున ఒక్క మీటరే లేచిందనుకోండి. అప్పుడు కొత్తగా చేరింది 4 లక్షలే. వాన లెక్క 6.6 అంటోంది, భూమి 4 అంటోంది. భూమి మాటే వినాలి. అప్పుడు రబీకి మిగిలేది 3 లక్షలు, రాగికి మారిన ప్రణాళిక కూడా చాలదు.

కోరిక వైపు అంకెలూ కదులుతున్నాయి. ఎండ, వేడి గాలి పెరిగితే అదే పంట ఎకరాకు ఎక్కువ నీళ్లు అడుగుతుంది. పాత పుస్తకంలోని 500 మిల్లీమీటర్లను ఏటా కళ్లు మూసుకుని వాడే బదులు, ఒకరిద్దరి పొలాల్లో నిజంగా ఎన్ని గంటలు నీళ్లు పెట్టారో రాసి పోల్చుకోవడం మంచిది.

చిత్తూరు, ప్రకాశం వైపు ఇంకో చిక్కుంది. అక్కడ ఈశాన్య రుతుపవనం వాన ఇంకా రావలసే ఉంటుంది. రాబోయే వానను ముందే జమ చేసుకోవడం జూదం, అసలు చేసుకోకపోతే మరీ పిసినారితనం. ఉన్న నీళ్లకే నవంబరు సాగు నిర్ణయించి, డిసెంబరులో మళ్లీ లెక్క వేసి ఆలస్యంగా వేయగల పంటలకు అప్పుడు ఒప్పుకోవడమే పనికొచ్చే దారి.

ఫలితం, దాని కారణం

2010లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన సమీక్ష ప్రకారం, చూసిన మూడేళ్లలో 42 శాతం పరీవాహకాల్లో రబీలో తోడే నీళ్లు ఏటా తగ్గాయి. 51 శాతంలో కొన్నేళ్లు తగ్గి కొన్నేళ్లు తగ్గలేదు. పెరిగింది 7 శాతంలో. ప్రోత్సాహకమూ శిక్షా లేకుండా, 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉన్న రాష్ట్రంలో వచ్చిన ఫలితమిది.

దీన్ని ఊరంతా ఒక్కతాటి మీదికి వచ్చి త్యాగం చేసిన కథగా చెప్పడం మామూలైంది. అది సరికాదు, పైగా వేరే చోట ఇదే పద్ధతి పెట్టేవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. ఆ రైతులు పొరుగువాడి కోసం వరి మానలేదు. గట్టి రాతి నేలలో నిల్వ చిన్నది, ఒకటి రెండేళ్ల వాన కంటే పెద్దగా పట్టదు. అక్టోబరులో ఎక్కువ వేస్తే దెబ్బ అదే మార్చిలో, వేసినవాడికే తగులుతుంది. నాటు కూలి, విత్తనం, ఎరువు అన్నీ పెట్టాక గింజ పాలుపోసుకునే వేళ బోరు ఆగితే పోయేది మొత్తం పెట్టుబడి. లెక్క ఆ దెబ్బను ఐదు నెలలు ముందుగా చూపించింది. సొంత నష్టం కళ్లెదుట కనిపించింది కనుక మారారు.

దీనికి మరో ముఖం కూడా ఉంది. మందమైన ఒండ్రు నేలల్లో, నిల్వ కొన్ని దశాబ్దాలకు సరిపడా ఉన్న పంజాబ్ లాంటి చోట, ఈ ఏటి అతివాడకం ఈ ఏటి పంటను ఎండబెట్టదు. అక్కడ ఇదే పట్టికను గోడ మీద రాసినా ఎవరూ వరి మానరు. ఆ చోటుకు కరెంటు ధర, కొనుగోలు విధానం లాంటి వేరే పనిముట్లు కావాలి.

ఎక్కడ తెగిపోయింది

ప్రాజెక్టు ముగిశాక చాలా ఊళ్లలో కొలతలు సన్నగిల్లాయి. టేపు బ్యాటరీ అయిపోతే కొత్తది ఎవరు కొనాలన్న చిన్న ప్రశ్నకు జవాబు లేకపోవడం దగ్గర మొదలై, 15 రోజులకోసారి రైతులను కూర్చోబెట్టే నీటి బడికి పిలిచే మనిషి లేకపోవడం దాకా కారణాలున్నాయి. ఆ బడి ఒక జలసంవత్సరం, అంటే జూన్ నుంచి మే దాకా సాగేది. పాతిక ముప్పై మంది తామే కొలిచి తామే లెక్క కట్టేవారు. అది ఆగాక గోడ మీద అంకెలు మిగిలాయి, వాటిని ప్రశ్నించే అలవాటు పోయింది. ఖర్చు భాగాన్ని మొదటి ఏడాదే పంచాయతీ పద్దులోకో పాల సంఘం పద్దులోకో ఎక్కించి ఉండాల్సింది.

లోపల మరో మూడు పగుళ్లుండేవి. ఒకటి కౌలు రైతు. కౌలు ముందే కట్టినవాడికి ఎకరాకు ఎక్కువ రాబడి, ఖాయమైన కొనుగోలు కావాలి. వరికి ప్రభుత్వ కొనుగోలు కేంద్రం ఉంటుంది. రాగికో కొర్రకో ఊళ్లో కొనేవాడు ఉన్నాడో లేడో. నీళ్ల లెక్క పక్కనే అమ్మకం లెక్క లేకపోతే బడ్జెట్ సమావేశానికి అతను రాడు, వచ్చినా వినడు.

రెండోది కొత్త బోర్లు. యాభై మంది మిగిల్చిన నీళ్లను ఒక్క కొత్త బోరు లాగేయవచ్చు. అనుమతి లేకుండా బోరు వేయకూడదని 2002 నాటి వాల్టా చట్టం చెబుతుంది, పాటించినచోట్లు తక్కువ. ఈ పగులుకు వేరే సమాధానం వెతికినవాళ్లూ ఉన్నారు. అనంతపురం జిల్లాలో వాసన్ సంస్థ నడిపిన పద్ధతిలో బోర్లను పైపులైన్లతో కలిపి, బోరు లేని పొలానికి కూడా వేరుశనగ బెట్టకు వచ్చినప్పుడు ఒకటి రెండు తడులు ఇస్తారు. బదులుగా ఆ పరిధిలో కొత్త బోరు వేయబోమని అందరూ ఒప్పుకుంటారు. నీళ్లు అందినవాడికి బోరు వేసే తొందర ఉండదు. ఖర్చు ఎక్కువ, ఒప్పించడానికి కాలం పడుతుంది. కానీ నీటి బడ్జెట్ మూయలేని రంధ్రాన్ని ఇది మూస్తుంది.

మూడోది వాగు పైవాళ్లు, దిగువవాళ్లు. సగటు మట్టం బాగున్నా పైన ఉన్న ఊళ్ల బోర్లు జనవరిలోనే ఆగుతాయి, దిగువన ఏప్రిల్ దాకా పోస్తాయి. ఒకే సగటు అంకె ఇద్దరికీ అబద్ధమే. పరీవాహకాన్ని కనీసం ఎగువ, మధ్య, దిగువ అని విడగొట్టి, ఒక్కోదానికి పరిశీలన బోర్లు వేరుగా పెట్టి, లెక్కా వేరుగా వేయాలి.

ఇప్పుడు మొదలుపెట్టే ఊరికి

అక్టోబరులో మొదలుపెడితే మొదటి ఏడు లెక్క రాదు. మే నీటి మట్టం చేతిలో లేకపోతే ఎంత లేచిందో తెలియదు. కాబట్టి పని ఏప్రిల్‌లో మొదలవ్వాలి. ముందు వాగు హద్దు గీసుకోవడం, బోర్లు లెక్కపెట్టడం. ఎన్ని పోస్తున్నాయి, ఎన్ని ఎండాయి, ఏ లోతున అన్నది రాయాలి. ఎండిన బోర్లను వదిలేయొద్దు, పరిశీలనకు పనికొచ్చేవి వాటిలోనే దొరుకుతాయి. మే చివరి వారంలో అన్నింటి మట్టం ఒకే రెండు రోజుల్లో కొలవాలి. మృగశిరకు వానకొలత నాటి ఉండాలి.

మొదటి ఏడాది బడ్జెట్ తప్పవుతుంది, దాదాపు ఖాయంగా. అందుకే ఎవరినీ పంట మార్చమని అడగకుండా, లెక్క వేసి గోడ మీద రాసి ఊరుకోవడం మేలు. ఫిబ్రవరి చివర పొలాలు తిరిగి ఏ పంట ఎన్ని ఎకరాలు నిజంగా వేశారో, ఏ బోరు ఏ తేదీన ఆగిందో అదే గోడ మీద పక్క నిలువు వరుసలో రాయాలి. రెండు వరుసల మధ్య తేడా ఇంకే శాతంలో ఉందా, తోడిన గంటల్లో ఉందా, చెప్పింది ఒకటై వేసింది ఒకటైందా అని తేల్చుకున్నాకే రెండో ఏడాది అక్టోబరు సమావేశానికి పిలవాలి.